గాలక్క చెప్పిన దారి

ఆవిడ సముద్రం మీద ఎప్పుడూ ప్రయాణం చేయలేదు. రేవు దాటించే లాంచీ ఎక్కితేనే కళ్ళు తిరిగి, అవతలి గట్టు వచ్చేదాకా చెల్లెలి భుజం పట్టుకుని కూర్చునేది. అలాంటి మనిషి గొంతు వింటేగానీ సముద్రం నడిమధ్యన తెరచాప పడవలు నడుపుకునేవాళ్ళకు తెల్లారినట్టుండేది కాదు. వాళ్ళంతా ఆవిడను గాలక్క అనేవాళ్ళు.

ఉద్యోగం చేసినన్నాళ్ళూ బస్టాండులో మైకు దగ్గర చేసింది. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తోందో, ఏది ఆలస్యమో, ఎవరి పిల్లవాడు తప్పిపోయి ఎంక్వయిరీ కిటికీ దగ్గర ఏడుస్తున్నాడో చెప్పడం ఆవిడ పని. ప్రతి మాటా రెండుసార్లు, తొందర లేకుండా, అక్షరం మింగకుండా చెప్పేది. ఊళ్ళో సగం మందికి ఆ గొంతు తెలుసు, మొహం మాత్రం తెలియదు. కూరగాయలు బేరమాడుతుంటే కొట్టువాడు తలెత్తి, "మిమ్మల్ని ఎక్కడో విన్నానండీ" అనేవాడు.

భర్త రేడియోలు బాగుచేసేవాడు. రేవులో ఆగే పడవల రేడియోలన్నీ ఆయన చేతి మీదుగా పోవలసిందే. హార్డ్‌వేర్ కొట్టు పైన వాళ్ళది రెండు గదుల వాటా. బయటి నుంచి ఇనప మెట్లు, డాబా మీద ఏరియల్ స్తంభం, ఆ స్తంభానికీ నీళ్ళ ట్యాంకుకీ మధ్య బట్టలారేసే తీగ. రోజూ పొద్దున్నే ఆయన సెట్టు ముందు కూర్చుని, వాతావరణ కార్యాలయం పంపే బులెటిన్ చదివి, ఒక్కో పడవనూ పిలిచి క్షేమం కనుక్కునేవాడు. అది చేయమని ఆయనను ఎవరూ అడగలేదు. ఏదో పడవవాడి రేడియో పరీక్షించడానికి ఓ రోజు చదివాడట, మర్నాడు ఇంకో ఇద్దరు విన్నారట, అలా తీగ సాగింది.

ఆయన పోయాక, ఇంట్లోకి వచ్చిపోయే జనం పలచబడ్డాక, ఒక పొద్దున ఆవిడ ఆ బల్ల దుమ్ము దులుపుతూ సెట్టు పనిచేస్తోందో లేదో చూద్దామని మీట నొక్కింది. గరగరలోంచి గొంతులు. "అన్నా, వినిపిస్తోందా?" అని ఒకరు. "ఉన్నారా అన్నా?" అని ఇంకొకరు. సముద్రం మీద ఉన్నవాళ్ళకు కబురు తెలియలేదు. ఆవిడ మైకు తీసుకుని, బస్సు రద్దయిందని చెప్పినట్టే, ఆయన పోయారని రెండుసార్లు చెప్పింది.

తర్వాత ఒక ఆడగొంతు, "అయ్యో వదినా" అంది. ఇంకాసేపటికి అదే గొంతు బిడియపడుతూ, "ఇలాంటప్పుడు అడుగుతున్నానని ఏమీ అనుకోకండి. ఇవాళ గాలి ఎలా ఉందో కాస్త చెప్తారా?" అంది.

ఆవిడ బులెటిన్ తీసి చదివింది. మర్నాడూ చదివింది. ఆ తర్వాత మానేయడానికి కారణం దొరకలేదు.

"రోజూ పొద్దున్నే గాలి కబుర్లు చెప్తూ కూర్చుంటావు" అని చెల్లెలు ఆట పట్టించేది. చెల్లెలిది రెండు వీధుల అవతల ఇస్త్రీ దుకాణం.

"నిజంగా గాలి కబుర్లేగా" అనేది ఆవిడ.

భర్త ఒక మాట అంటుండేవాడు, గాలి చెప్పాలిగానీ దారి చెప్పకూడదని. దారి పడవలో ఉన్నవాడిది. ఒడ్డున కూర్చున్నవాడికి మ్యాపు కనిపిస్తుంది, అల కనిపించదు. ఆవిడ ఆ మాట జవదాటలేదు. ఎవరైనా "ఏం చేయమంటారక్కా?" అని అడిగితే, "బులెటిన్ మళ్ళీ చదువుతాను, వినండి" అనేది.

సముద్రాన్ని ఆవిడ అలా చెవులతోనే నేర్చుకుంది. ఒక పడవలో ఆలుమగలు ఉండేవాళ్ళు. ఆవిడను వదినా అన్న గొంతు ఆ ఇల్లాలిదే, కొన్నాళ్ళకు ఆమె కూడా అందరితోపాటు అక్కా అనడం మొదలుపెట్టింది. ఆమె మాట్లాడుతుంటే వెనక నుంచి మొగుడు దిద్దుతుండేవాడు. "గాలి పడమర నుంచక్కా" అంటే, "వాయవ్యం, వాయవ్యం" అని వెనక నుంచి. ఒకరు నిద్రపోతే ఒకరు కాపలా కాయాలి కాబట్టి, నెల రోజుల ప్రయాణంలో ఇద్దరూ కూర్చుని అన్నం తినేది పొద్దున్న ఒక్క పూటేనట. "మాకు గొడవ పడ్డానిక్కూడా టైం కుదరడం లేదక్కా, అన్నీ ఒడ్డుకొచ్చాక పడదామని దాచుకుంటున్నాం" అని నవ్వేది.

అందరికంటే ఆఖర్న ఆవిడ పిలిచేది తాళాలాయనను. చిన్న పడవ, ఒక్కడే మనిషి. వెనకటికి తాళాలు బాగుచేసేవాడట. యాభై దాటాక దుకాణం మూసి పడవెక్కాడు. ఎందుకు బయల్దేరావు తమ్ముడూ అని ఓసారి అడిగితే, "ఊళ్ళో తాళాలన్నీ తీసేశానక్కా, ఇక చూసేందుకేముందీ?" అన్నాడు. అంతకుమించి ఆవిడా అడగలేదు, ఆయనా చెప్పలేదు.

ఆయన ముందు తనెక్కడున్నాడో చెప్పేవాడు, తర్వాత బేరోమీటరు ఎంత చూపిస్తోందో చెప్పేవాడు. ఆ తర్వాత ఇంటి సంగతులు. బంగాళాదుంపలకు మొలకలొచ్చాయి. బ్రెడ్డుకు బూజు పట్టింది, బూజు గీరేసి తిన్నాను. రాత్రి ఎగిరే చేప ఒకటి వచ్చి మొహం మీద పడింది. తెరచాప అంచు చినిగితే కూర్చుని కుట్టాను, మా అమ్మ చూస్తే ఆ కుట్టు విప్పించి మళ్ళీ కుట్టించేది. ఒంటరివాడికి కాపలా మార్చుకునే తోడు లేదు కదా, అందుకని టైంపీసును స్టీలు గిన్నెలో పెట్టుకుని పడుకునేవాడు, గంట కొడితే పడవంతా మోగేలా. అరగంట నిద్ర, లేచి చుట్టూ చూడటం, మళ్ళీ అరగంట. "పసిపిల్ల ఉన్న ఇంట్లో పడుకున్నట్టే ఉంటుందక్కా" అన్నాడొకసారి.

ఆ పిచ్చాపాటీ అయ్యేసరికి ఏడున్నర. సెట్టు ఆపేస్తే ఆ రోజుకు ఆవిడ మాటలు అయిపోయినట్టే. ఒక గ్లాసు, ఒక కంచం కడగడానికి ఎంతసేపు? డాబా మీద బట్టలు ఆరేసి, కింది కొట్టువాళ్ళు మేకులు తూచే చప్పుడు వింటూ కూర్చునేది. మధ్యాహ్నం గాలి లేచి బట్టలు కొట్టుకుంటే, ఇదే గాలి ఇంకో రెండు రోజులకు తాళాలాయన దగ్గరికి చేరుతుందా, లేక అక్కడి నుంచే వచ్చిందా అని ఆలోచించేది.

ఆ ఏడాది తాళాలాయన ఈ రేవుకే వస్తున్నాడు. ఈశాన్యంగా ఇంకో పది రోజుల దారి ఉందనగా పడమటి దిక్కున ఒక వాయుగుండం పుట్టింది. అది తూర్పుకు కదులుతూ ఆయనకు ఉత్తరంగా పోతుందని బులెటిన్. ఆవిడ చదివింది.

"అక్కా, ముందుకు పోతే దాని నోట్లోకి పోయినట్టే. తెరచాప కుదించి పడవని ఇక్కడే నిలబెట్టుకుంటే దాని అంచు తగుల్తుంది. దక్షిణానికి దిగితే తప్పించుకోవచ్చు గానీ వారం పైన ఆలస్యం. అవునా?"

"బులెటిన్ మళ్ళీ చదువుతాను తమ్ముడూ."

"వద్దక్కా, విన్నాను." ఆయన గొంతు బరువుగా ఉంది. చుక్కానిని దానంతట అదే తిప్పే సాధనం తాడు తెగిందట, రెండు రాత్రులుగా ఆయనే పట్టుకుని కూర్చున్నాడు. "నాకు బుర్ర పనిచేయడం లేదు. ఇందాక ఉప్పు డబ్బా కోసం వెతికాను, చూస్తే చేతిలోనే ఉంది. మీ ఎదురుగా మ్యాపుంది. మీరే చెప్పండి, ఏం చేయమంటారు?"

ఆవిడ గోడ మీది మ్యాపు వైపు చూసింది. ఆయన ఉన్న చోట గుచ్చిన ఎర్ర గుండుసూది, దానికి పైగా పెన్సిలుతో గీసిన వాయుగుండం దారి. దిగువన అంతా ఖాళీగా, ప్రశాంతంగా ఉంది. అంత అలసిన గొంతుకు బులెటిన్ మళ్ళీ చదవడం ఆవిడకు చేతకాలేదు.

"దక్షిణానికి దిగు తమ్ముడూ" అంది. అలవాటు కొద్దీ మళ్ళీ అంది. "దక్షిణానికి దిగు."

"సరే అక్కా" అన్నాడాయన.

మర్నాడు పొద్దున ఆవిడ బులెటిన్ తెరిచింది. వాయుగుండం రాత్రికి రాత్రి దారి మార్చుకుంది. తూర్పుకు పోవలసింది ఆగ్నేయానికి వంగి, సూటిగా దిగువకు దిగుతోంది. ఇంకా బలపడింది కూడా. ఆవిడ దాన్ని చదవవలసినట్టే చదివింది. గొంతు వణకలేదు, బస్టాండు చదువు అలాంటిది. పడవలన్నీ పిలిచి ఆఖర్న, "తాళాలాయనా, వినిపిస్తోందా?" అంది.

గరగర తప్ప ఏమీ లేదు.

ఆవిడ పిలుస్తూనే ఉంది. ఎండ కిటికీ లోంచి బల్ల మీదికి వచ్చింది. మిగతా పడవలవాళ్ళు ఎవరూ సెట్టు ఆపలేదని ఆవిడకు తెలుసు. అందరూ వింటున్నారు. నిన్నటి మాట కూడా అందరూ విన్నారు. ఎవరూ ఆ ఊసు ఎత్తలేదు.

తీరరక్షణ కార్యాలయానికి ఫోన్ చేసింది. అక్కడి అధికారి మర్యాదగా అన్నీ అడిగాడు. పడవ రంగు, పొడవు, ఎంతమంది మనుషులు.

"చివరిసారి మాట్లాడినప్పుడు ఎటు వెళ్తున్నారండీ?"

"దక్షిణానికి."

"ఖచ్చితంగా దక్షిణానికేనా అమ్మా?"

"నేనే చెప్పాను బాబూ."

అధికారి అది రాసుకుని, "అలాగేనమ్మా, ఆ వైపు పోయే ఓడలకి కబురు పెడతాం. అంత దూరం విమానం పోలేదు" అన్నాడు.

సాయంత్రం చెల్లెలి దుకాణానికి వెళ్ళి బల్ల చివర కూర్చుంది. చెల్లెలు చొక్కా కాలర్ మీద ఇస్త్రీపెట్టె నడుపుతూ అంతా విని, "నువ్వు చెప్పకపోయినా ఏదో ఒక దిక్కుకి పోవాల్సిందేగా అక్కా" అంది.

"పోయేవాడు. నేను చెప్పి ఉండేదాన్ని కాదు."

"సముద్రం నువ్వు పుట్టించావా? వాయుగుండాన్ని వంచింది నువ్వా?"

చెల్లెలు చెప్పిందాంట్లో తప్పులేదు, కానీ అదేమీ లోపలికి ఇంకలేదు. నీళ్ళు పోసినా నానని బియ్యంలా మనసు అలాగే ఉండిపోయింది. "ఇవాళ ఇక్కడే పడుకో" అంది చెల్లెలు. వద్దని వచ్చేసింది, పొద్దున్నే సెట్టు ముందు కూర్చోవాలి కదా.

అలా రోజులు గడిచాయి. వాయుగుండం దక్షిణ సముద్రాన్ని అల్లకల్లోలం చేసి, బలహీనపడి, తెల్లటి మ్యాపులో ఒక చిన్న గీతగా మిగిలి పోయింది. ఓడలవాళ్ళకు ఏమీ కనిపించలేదు. ఆవిడ రోజూ ఆఖర్న ఆయనను పిలిచేది, ఆగేది, మళ్ళీ పిలిచేది. ఆ ఆగినంతసేపూ మిగతా పడవలు ఊపిరి బిగబట్టినట్టుండేవి. ఒక రోజు ఆలుమగల పడవలోని ఇల్లాలు, తన వంతు అయిపోయాక కూడా మైకు వదలకుండా, "అక్కా, మీరు వేళకి తింటున్నారా?" అని అడిగింది. వెనక నుంచి మొగుడు ఏమీ దిద్దలేదు.

ఇంట్లో కూర్చోలేక ఒక మధ్యాహ్నం ఆవిడ బస్టాండుకు వెళ్ళింది. ఎక్కడికీ పోయే పని లేదు. జనం మధ్య సిమెంటు బల్ల మీద కూర్చుంది. ఇప్పుడక్కడ మైకు దగ్గర మనిషి లేదు, రికార్డు చేసిన గొంతు వస్తోంది. చక్కటి గొంతే, కానీ ఏదైనా ఒక్కసారే చెబుతోంది. పక్కన కూర్చున్న ముసలాయన, "ఏమన్నారమ్మా, ఎన్నో నంబరు ప్లాట్‌ఫారం?" అని అడిగాడు. ఆవిడ నోరు తెరిచి, చెప్పబోయి ఆగింది. తను సరిగ్గా విన్నదో లేదో తనకే నమ్మకం కుదరలేదు. "ఎంక్వయిరీలో కనుక్కోండి బాబాయ్" అంది. ఆయన కర్ర ఊతంగా వెళ్ళిపోయాడు. అంత చిన్న సంగతికి ఆవిడకు కన్నీళ్ళు వచ్చాయి. పమిటతో మొహం తుడుచుకుని, మనుషులు దిగుతూ ఎక్కుతూ ఉంటే చూస్తూ సాయంత్రందాకా కూర్చుంది.

రెండు వారాలు కావస్తుండగా ఒక మధ్యాహ్నం ఇనప మెట్ల మీద అడుగుల చప్పుడు. చెల్లెలైతే దడదడా ఎక్కుతుంది. ఇవి అలా లేవు, ప్రతి మెట్టు మీదా ఆగుతున్నాయి. తలుపు దగ్గరికి వెళ్ళేసరికి ఒక పొట్టి మనిషి కమ్మీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. గడ్డం మాసింది, ముక్కు మీద తోలు లేచింది, ఒడ్డెక్కిన కొత్తలో కావడం వల్ల కాళ్ళు నిలకడగా లేవు.

"అక్కా" అన్నాడు. ఆ ఒక్క మాటతో ఆవిడకు తెలిసింది.

తలుపు బార్లా తీసి పక్కకు జరిగింది. ఆయన వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఆవిడ స్టవ్వు వెలిగించి టీ పెట్టింది, పాలు పొంగిపోతుంటే చూస్తూ నిలబడింది.

ఎదురుపడ్డాక మాట్లాడుకోవడం ఇద్దరికీ తెలియలేదు. రేడియోలో ఒకరి మాట పూర్తయ్యాకే ఇంకొకరు మాట్లాడాలి. ఆ అలవాటు కొద్దీ ఆయన ఒక మాట చెప్పి ఆగేవాడు, ఇంకా చెబుతాడేమోనని ఆవిడా ఆగేది. మధ్యలో కింది కొట్టులో మేకులు పళ్ళెంలో పడే చప్పుడు వినిపించేది. రేడియోలో లావుగా, నిదానంగా ఉండే గొంతు ఇక్కడ సన్నగా ఉంది.

"రేడియో తడిసి పోయిందక్కా. పైమూత సందులోంచి ఒక అల దూకింది, సెట్టు మీదే పడింది."

"దక్షిణాన అంత పెద్ద తుఫానులో ఎలా బతికావు తమ్ముడూ?"

ఆయన గ్లాసు కింద పెట్టాడు. మొహంలో ఏదో ఇబ్బంది. "నేను దక్షిణానికి పోలేదక్కా" అన్నాడు.

ఆవిడ గోడ మీది మ్యాపు వైపు తిరిగింది.

"పోదామనే అనుకున్నాను. మీతో మాట్లాడాక ఓ ముద్ద తిని పడవ తిప్పుదామనుకున్నా. తిని, ఒక్క క్షణం నడుం వాల్చాను. గంట మోగింది కూడా తెలీదు. లేచేసరికి సాయంత్రమైంది. అప్పటికి గాలి తిరిగింది, దక్షిణానికి పోవాలంటే ఎదురుగాలి. ఇక ఓపిక లేక తెరచాప కుదించి అక్కడే నిలబడిపోయాను. మర్నాడు పొద్దున మీకు చెప్దామనుకున్నా. ఆ రాత్రే సెట్టు తడిసింది."

"మరి సరే అన్నావు?"

"మీరు అంత ఇదిగా చెప్తుంటే కాదనలేక..." ఆయన నవ్వబోయి ఊరుకున్నాడు. "సరే అంటామండీ, అక్కా. అనేస్తాం."

ఆవిడ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. గుండె మీది బండ దిగిపోయింది, అది నిజం. తన మాట ఈ మనిషిని చంపలేదు. కానీ తన మాట ఈ మనిషిని ఏ వైపుకూ కదిలించనే లేదు. ఇన్ని రోజులూ తిండి సయించక, నిద్ర పట్టక, ఎవరి కోసం ఏ తప్పు మోసింది? నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"నీ కోసం దక్షిణాన వెతికారు తమ్ముడూ" అంది, వెనక్కి తిరగకుండా. "అటే పోయావని నేనే చెప్పాను. ఓడలన్నీ అటే చూశాయి. నువ్వు నిజంగా మునుగుతుంటే నువ్వున్న చోటికి ఒక్కరూ వచ్చేవాళ్ళు కాదు."

ఆ సంగతి ఆయనకు తట్టలేదని మొహమే చెబుతోంది. చాలాసేపు తన అరచేతులు చూసుకుంటూ కూర్చున్నాడు. తాళ్ళు కోసిన గాట్లు నల్లగా ఎండిపోయి ఉన్నాయి.

"తప్పయిపోయిందక్కా" అన్నాడు చివరకు.

"నాదీ ఉంది" అంది ఆవిడ. "టీ చల్లారిపోతోంది, తాగు."

బంగాళాదుంపలు ఏమయ్యాయని అడిగింది. పారేశానన్నాడు. కాసేపుండి, పడవ కట్టిన తాళ్ళు సరిచూసుకోవాలని లేచాడు. మెట్ల దాకా వచ్చి ఆవిడ చూస్తూ నిలబడింది. వీధిలో తూలుతున్నట్టు నడుస్తూ, మూసి ఉన్న ప్రతి షట్టరు తాళం దగ్గరా ఒక్క క్షణం ఆగి చూసి, మూల తిరిగిపోయాడు.

మర్నాడు పొద్దున బులెటిన్ చదివాక, తాళాలాయన క్షేమంగా ఒడ్డు చేరాడని ఆవిడ రెండుసార్లు చెప్పింది. రేడియో నిండా గోలగోలగా గొంతులు. ఆలుమగలిద్దరూ ఒకే మైకులో ఒకేసారి మాట్లాడారు, ఒక్క ముక్కా అర్థం కాలేదు.

వానలు పోయి గాలి నిలకడపడ్డాక ఆయన రేడియో బాగుచేయించుకుని మళ్ళీ బయల్దేరాడు, ఈసారి చాలా దూరం, సముద్రానికి అవతలి కొసకు. వెళ్ళేముందు మెట్లెక్కి రాలేదు. పొద్దున్నే రేడియోలోనే, "బయల్దేరుతున్నానక్కా" అన్నాడు. అక్కడ ఇద్దరికీ మాటలు మునుపటిలా వచ్చాయి. రోజూ తనెక్కడున్నాడో, బేరోమీటరు ఎంతుందో చెప్పి, "ఇవాళ ఇటు పోతున్నాను, మనసు మారితే సాయంత్రం లోపలే చెప్తాను" అని కలిపేవాడు. ఆవిడ గుండుసూది జరిపేది.

దూరం పెరిగేకొద్దీ గొంతు సన్నబడింది. మొదట పదాలు అక్కడక్కడా తెగేవి. తర్వాత అంకెలు మాత్రమే అందేవి. కొన్నాళ్ళకు ఆయన మాట్లాడుతున్నాడని తెలిసేది, ఏం మాట్లాడుతున్నాడో తెలిసేది కాదు. ఆవిడ చెవి స్పీకరుకు ఆనించి, "చేపలా? చేపలన్నావా?" అని అడిగేది. ఒక పొద్దున అసలు వినిపించలేదు. మర్నాడు గరగర మధ్య ఏదో ఉన్నట్టనిపించింది, ఆయనేనని ఖాయంగా చెప్పలేకపోయింది. ఆ తర్వాత అదీ లేదు. ఈసారి భయపడవలసిందేమీ లేదని, కేవలం దూరమేనని ఆవిడకు తెలుసు. అయినా మ్యాపు అంచు దాకా పోయిన ఎర్ర గుండుసూదిని చాలా రోజులు తీయలేదు.